గుప్పెడు బార్లీ

1994 మార్చిలో ఒక శుక్రవారం ఉదయం, గల్ఫులో, మహూజ్‌లోని ఒక ఫ్లాటులో, నోరా మేడం ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరుతూ పనిమనిషి నరసాయమ్మకు సాయంత్రపు వంట అప్పగించింది. భర్త కెవిన్ పనిచేసేచోటి మేనేజరూ ఆయన భార్యా భోజనానికి వస్తున్నారు. ఐర్లండులో తన అమ్మమ్మ వండే స్టూ చేయాలి: లేత గొర్రెమాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, క్యారెట్లు, గుప్పెడు బార్లీ. మసాలా వద్దు. చెబుతూ చెబుతూ మేడం కళ్ళు తుడుచుకుంది.

నరసాయమ్మది తుని. వీసా గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉంటే తప్ప కూతురి నర్సింగు చదువు గట్టెక్కదు. మేడం మాత్రం పొడిగింపు మాట ఎత్తడం లేదు.

కింద కోల్డ్ స్టోరు అని పిలిచే కిరాణా కొట్టులో పనిచేసే అమలాపురం అచ్చిబాబు బార్లీ పొట్లం అందించబోతూ ఆగాడు.

"ఎవరికక్కా బార్లీ?"

"మా మేడంగారికి."

"ఎన్నో నెలేంటి?"

బార్లీ అంటే కాచి, కాళ్ళు వాచిన గర్భిణికి తాగించేదని ఇద్దరికీ తెలుసు. మేడం కూరగాయల వరసలోనే చెప్పినా, దాన్ని మాంసంలో వేసే మనుషులుంటారని ఇద్దరికీ తోచలేదు.

నరసాయమ్మ ఆలోచనలో పడింది. "పొద్దున టీ ముట్టలేదు. అమ్మమ్మ చేతి వంట మీదకి మనసు పోయింది. ఏడిచింది కూడాను."

"ఇంకేంటక్కా, వేవిళ్ళే" అన్నాడు ముగ్గురు పిల్లల తండ్రి అయిన అచ్చిబాబు. "పిల్లనెత్తుకోడానికి మనిషి కావాలి కదా. నీ వీసాకి ఢోకా లేదు."

వేవిళ్ళు మొదట్లోనూ కాళ్ళవాపు చివర్లోనూ వస్తాయన్న సంగతి ఆ సంతోషంలో ఎవరికీ తట్టలేదు.

"మూడో నెల దాటేదాకా నోరు జారకు అబ్బాయ్."

"నేనెందుకు చెబుతానక్కా."

పర్యవసానంగా వంటగదిలో బార్లీ అంతా నిమ్మరసం పిండిన జావనీళ్ళై జగ్గులోకి చేరింది. వేవిళ్ళ మనిషికి నీచువాసన పడదని స్టూలో అల్లం, వెల్లుల్లి పడ్డాయి. నోటికి హితవుగా ఉంటుందని నిమ్మకాయంత చింతపండు పడింది. బయట, రొట్టె కొనడానికి వచ్చిన కెవిన్‌తో అచ్చిబాబు తనకు వచ్చిన ఇంగ్లీషులో "సార్, బేబీ, గుడ్" అన్నాడు. కెవిన్ రొట్టె మరిచిపోయి పూలు కొన్నాడు. మేనేజరు ఇంటికి గుడ్లు తీసుకెళ్ళినప్పుడు అచ్చిబాబు అదే ఇంగ్లీషు అక్కడా మాట్లాడాడు.

సాయంత్రం ఇంటికి వచ్చిన నోరా కాళ్ళ కింద కెవిన్ ఒక స్టూలు పెట్టాడు. మేనేజరు భార్య మార్గరెట్ బొటనవేలంత ఊలు మేజోళ్ళ జత బహూకరించింది. నోరాకు ఏమీ అర్థం కాలేదు. స్టూ ఒక చెంచా రుచి చూసింది.

"ఇది మా అమ్మమ్మ స్టూ కాదు" అని ఏడ్చేసింది.

"ఇలాంటప్పుడు అలాగే ఉంటుందమ్మా" అని మార్గరెట్ వీపు నిమిరింది.

"ఎలాంటప్పుడు?"

వారు చెప్పారు. నోరా విన్నది, కళ్ళు తుడుచుకున్నది. "బిడ్డా లేదు, ఏమీ లేదు. నాది ఇంటి మీద బెంగ. మే నెలలో మేమిద్దరం ఐర్లండు వెళ్ళిపోతున్నాం. ఆ మాట చెప్పడానికే మిమ్మల్ని పిలిచాం."

వంటగది గుమ్మంలో నరసాయమ్మకు 'మే' అన్న మాటా 'ఐర్లండు' అన్న మాటా అర్థమయ్యాయి. అవి చాలు. లక్షణాలన్నీ ఆమె సరిగ్గానే పోల్చుకుంది. జబ్బు ఒక్కటే వేరు.

మార్గరెట్ బార్లీ నీళ్ళ జగ్గు అందుకుంది. స్టూలోని చింతపండు ధాటికి మూడు గ్లాసులు తాగింది. నాలుగేళ్ళుగా గల్ఫు ఎండలకు ఆమె కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదని అంతవరకు ఎవరూ గమనించలేదు. మర్నాడు చెప్పులు పట్టాయి. పది గంటలకు ఫోను వచ్చింది: "ఆ నీళ్ళు కాచిన మనిషిని నాకు ఇవ్వండి." ఏప్రిల్ ముగిసేలోగా నరసాయమ్మ వీసా మార్గరెట్ ఇంటికి మారింది, రెండేళ్ళకు.

వెళ్ళిపోయే ముందు ఒక శుక్రవారం నోరా పక్కన నిలబడి అసలు స్టూ వండించింది. బార్లీ ఉడికి గింజ గింజా ఉబ్బింది. ఇద్దరూ వంటగదిలోనే, నిలబడే తిన్నారు. నరసాయమ్మ తన పళ్ళెంలో మాత్రం కాస్త కారం చల్లుకుంది.

చాలా ఏళ్ళ తరువాత, తునిలో ఒక ముసురు రోజున, నరసాయమ్మకు ఆ చప్పటి స్టూ మీదకి మనసు పోయింది. గొడుగు వేసుకుని కొట్టుకు వెళ్ళి బార్లీ అడిగింది.

"ఎవరికండీ మామ్మగారూ?"

"నాకే."

ఆమెకు అప్పటికి అరవై రెండేళ్ళు. కొట్టతను నెల అడగలేదు.