సారీ గారి పుట్టిల్లు

బైండింగు పనివాడికి పుస్తకాలన్నీ వీపు వైపు నుంచే పరిచయం. మన బైండరు ఏళ్ల తరబడి పుస్తకాల వీపులు కుట్టాడు గాని, వాటి ముఖం చూసి నాలుగు ముక్కలు చదివిన పాపాన పోలేదు. అలాంటివాడు ఆ మధ్యాహ్నం కుట్టుకి వచ్చిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తెరిచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ ‘సారీ’ అనే మాట వెతుకుతున్నాడంటే ఇంట్లో పరిస్థితి ఎంతదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

పరిస్థితి ఏమిటంటే, ఇంట్లో పాట ఆగిపోయింది.

బైండరు భార్య రోజూ సాయంత్రం దేవుడి ముందు కూర్చుని ఒక పాట పాడుతుంది. గొంతు గొప్పదేమీ కాదు. పైకి వెళ్లిన రాగం ఒక్కోసారి దిగే దారి తెలియక అక్కడే ఉండిపోతుంది. భక్తికి మాత్రం లోటు లేదు. పోయిన ఆదివారం ముందుగదిలో నలుగురూ కూర్చుని ఉండగా పాట ఎత్తుకుంది. మొగుడి నోరు దురద పెట్టింది.

“మా దేవుడికి ఓపికెక్కువండీ! ఇంకొకడైతే మొదటి చరణంలోనే వరమిచ్చేసి, ఇక చాలు తల్లీ అనేవాడు.”

పాడేదాని కన్నతల్లి అయి ఉండీ బైండరు అత్తగారు పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కింటి సూదిమామ తొడ చరిచి మరీ నవ్వాడు. ఆయన రిటైరైన కాంపౌండరు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని ఆయన సూదిని వదల్లేదు. మేడమీది వదినగారు ఆ జోకుని భద్రంగా వీధి చివరిదాకా మోసుకెళ్లింది.

పాట రెండో చరణంలో ఆగింది. మళ్లీ మొదలవలేదు. ఇల్లాలు వండుతోంది, వడ్డిస్తోంది, మాట్లాడుతోంది. సాయంత్రం మాత్రం దేవుడి ముందు కళ్లు మూసుకుని, తెరిచి, లేచి వెళ్లిపోతోంది.

“పాడవేమే?”

“దేవుడి ఓపిక కాస్త మిగలనివ్వండి.”

“సారీ అన్నాను కదా!”

“అన్నారు. పొద్దున పాలవాడి కాలు తొక్కినప్పుడూ అన్నారు. కుట్టుకిచ్చిన పుస్తకం ఏదని అడగడానికి వచ్చిన ప్రతివాడికీ అదే అంటారు. మీ షాపులో జిగురు కన్నా ఎక్కువ ఖర్చయ్యేది ఆ మాటే. అంత చవక సరుకు నాకొద్దు.”

అది చవక సరుకు కాదని రుజువు చెయ్యాలి. అందుకే నిఘంటువు. వెతకగా వెతకగా దొరికింది. బైండరు జిగురు ఆరని పుస్తకాన్ని పసిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి పరుగు తీశాడు.

“ఇదిగో, విను. సారీ అంటే నువ్వనుకున్నట్టు అల్లాటప్పా మాట కాదు. దాని పుట్టిల్లు ఎక్కడో తెలుసా? నొప్పి! ‘సోర్’ అని ఇంకో మాటుంది, అంటే పుండు, సలుపు. ఇద్దరూ ఒక ఇంటివాళ్లే. దుఃఖానికి ‘సారో’ అంటారే, దానికీ దీనికీ మొదట్లో చుట్టరికమే లేదట! ముఖాలు కలిశాయి గనక లోకం అక్కచెల్లెళ్లు అనుకుందట.”

భార్య ఆరిన బట్టలు మడతపెడుతూ శ్రద్ధగా విన్నది.

“అంటే సారీ అన్నవాడికి నొప్పి ఉండాలన్నమాట.”

“ఉండాలి! ఉంది గనకే అన్నాను.”

“ఎక్కడ?”

ఈ ప్రశ్నకి నిఘంటువులో జవాబు లేదు. బైండరు చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లింది. గుండె అంటే గొడవ పెద్దదవుతుందని మెల్లగా పక్కకి జరిగి డొక్క దగ్గర ఆగింది.

“ఇక్కడ... ఇలా... పాకుతూ...”

“అమ్మా! ఈయనకి నొప్పట! పాకుతోందట!”

కేక ఒకటే. ముందు అత్తగారు వచ్చి అల్లుణ్ని మంచం మీద పడుకోబెట్టి, వేడి గుడ్డతో కాపడం మొదలుపెట్టింది.

“అబ్బా! కాలుతోందత్తయ్యగారూ!”

“కాలాలి నాయనా. కాలితేనే లోపలికి వెళ్తుంది.”

మేడమీది వదినగారు కషాయం గిన్నెతో దిగింది. “మా ఆయన మేనమామకీ అచ్చం ఇలాగే పాకిందండీ. పాపం, చాలా మంచివాడు.”

“ఇప్పుడెలా ఉన్నారు?” అన్నాడు బైండరు, బెదురుగా.

వదినగారు పైకి చూసి దండం పెట్టింది.

అంతలో సూదిమామ సంచీతో సహా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆయన ముఖంలో అంత కళ పెన్షన్ వచ్చిన రోజున కూడా ఎవరూ చూడలేదు.

“పాకే నొప్పిని దారిలోనే ఆపాలి. బోర్లా పడుకో అబ్బాయ్.”

“మామా, ఇది ఒట్టి మాట నొప్పి! పుస్తకంలో నొప్పి!”

“చూశావుటమ్మా, మాట కూడా తేడాగా ఉంది. రెండు సూదులు పడాలి.”

సూది పైకి లేచింది. బైండరు అంతకన్నా పైకి లేచాడు.

“నొప్పి లేదు! ఒంట్లో ఎక్కడా లేదు! సాయంత్రమైతే ఈవిడ పాడటం లేదు, అంతే! ఆ వేళకి ఇల్లు ఇల్లులా లేదు. షాపులో కుట్టు వంకర పోతోంది. నేను వేరే పూజలూ జపాలూ చేసేవాణ్ని కాదు, మామా. దాని పాటలోనే నా దండం కూడా కలిపి పంపించేస్తుంటాను. ఇప్పుడు నాది ఎలా వెళ్తుంది? నలుగురూ నవ్వుతారని నోరు పారేసుకున్నాను. తప్పు నాదే.”

అత్తగారు వేడి గుడ్డ తన ఒళ్లోనే పెట్టుకుని మరిచిపోయి, ఉలిక్కిపడి తీసింది.

“సూది లోపల పెట్టెయ్యండి మామయ్యగారూ,” అంది భార్య. “అమ్మా, విన్నావా? వదినగారూ, మీరూ విన్నారా?”

“విన్నాం.”

“ఆ రోజు నవ్వినవాళ్లంతా వస్తారనే అంత కేక వేశాను. నలుగురిలో పారేసుకున్న మాట నలుగురిలోనే ఏరుకోవాలి గాని, వంటింట్లో నా చెవిలో సారీ అంటే ఎలాగండీ?”

బైండరు నోరు తెరిచాడు. “అంటే నాకు నొప్పి లేదని నీకు ముందే...”

“వేలికి దబ్బనం గుచ్చుకుంటేనే వీధి లేచేలా అరుస్తారు. నిజంగా నొప్పి పాకితే అంత నెమ్మదిగా చెప్తారా?”

సూదిమామ నిట్టూర్చి సూదిని సంచీలో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో నిజమైన బాధ ఆయన ఒక్కడిదే.

ఇల్లాలు దేవుడి ముందు కూర్చుంది. కూర్చుని వెనక్కి తిరిగి, “కషాయం పారబోయకండి, పాపం వదినగారు కష్టపడి కాచారు. మొదటి గుక్క పాట అయ్యేదాకా నోట్లోనే పట్టి ఉంచాలట,” అంది.

ఆ మాట తనెప్పుడు అన్నదో వదినగారికి గుర్తు రాలేదు. అయినా తలూపింది.

బైండరు గుక్క పట్టాడు. చేదు నషాళానికంటింది. మింగే వీల్లేదు, ఉమ్మే వీల్లేదు, మాట అనే వీలు అసలే లేదు. రాగం ఎప్పటిలాగే పైకెక్కి దారి తప్పింది. అతను ఉబ్బిన బుగ్గలతోనే కళ్లు మూసుకుని, చేతులు జోడించాడు. ప్రాణం హాయిగా ఉంది.

ఆ రోజు ఆమె, మామూలుగా వదిలేసే చరణాలు కూడా కలిపి పాడింది.