నుదుట పచ్చ లైటు

"ఇగ ఈ అడవి అంచుల ఒక్క పిల్లగాని ధ్యాస గూడ పక్కకు పోదు" అని మంత్రిగారు మా ఊరి బడి ఆవరణలో ప్రకటించారు. షామియానా నాది, కుర్చీలు నావి. సామాను క్షేమం కోరి చప్పట్లు కూడా నేనే మొదలుపెట్టాను.

భద్రాచలం రోడ్డు మీద మహబూబ్ అలీ సేటు దుకాణం అంటే ఎవరైనా చూపిస్తారు. సభలకు షామియానా కిరాయికిస్తాను. బడి మధ్యాహ్న భోజనానికి ఇల్లందు నుంచి గుడ్లు తెప్పించి వేస్తాను. అంటే నాయకుల ప్రసంగాలూ, పిల్లల ఆకలీ రెండూ నాకు గిరాకీయే. దేన్నీ తక్కువ చేయను.

పథకం పేరు బాల ఏకాగ్రత మిషన్. పిల్లల నుదుటికి ఒక పట్టీ కడతారు. అది మెదడులో జరిగేది కనిపెడుతుంది. ధ్యాస నిలిస్తే పచ్చ లైటు, చెదిరితే ఎర్ర లైటు. కళ్లకు వర్చువల్ రియాలిటీ పెట్టె తగిలిస్తారు. ఇక బయటి ప్రపంచం కనిపించదు, లోపల పెట్టిందే కనిపిస్తుంది. ఆ రోజు లోపల మంత్రిగారి ప్రసంగం పెట్టారు. బయట స్టేజీ మీద మాట్లాడుతున్నదీ మంత్రిగారే. పిల్లలు ఎటూ తప్పించుకోలేని ఇంత పకడ్బందీ పథకాన్ని నేనింతవరకు చూడలేదు.

ప్రసంగం మొదలైంది. పట్టీలన్నీ ఎర్రగా వెలిగాయి.

"ఏందయ్యా, అన్నీ ఎర్రగున్నయ్?" మంత్రిగారు మైకు పక్కకు జరిపి అడిగారు.

"వార్మప్ సార్" అన్నారు హరిప్రసాద్‌గారు. హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు ఆయన.

మంత్రిగారు తన బాల్యం చెప్పారు, జైలు చెప్పారు, టికెట్టు రాని ఏడాది చెప్పారు. ఎరుపు తగ్గలేదు. అప్పుడే షామియానా వెనక వంట గంగక్క గుడ్ల పులుసు గిన్నె మూత తీసింది. గాలి ఇటే వీస్తోంది. ముందు వరుసలో రెండో తరగతి చదివే గోరి అనే పిల్ల ముక్కు కదిలింది, నుదుట పచ్చ వెలిగింది. తర్వాత పక్క పిల్ల, తర్వాత ఆ వరుస, తర్వాత బడి మొత్తం.

ఆ సమయానికి మంత్రిగారు డ్రైనేజీ గురించి మాట్లాడుతున్నారు.

"చూసిండ్రా, మన పిల్లలకు డ్రైనేజీ అంటే ఎంత శ్రద్ధనో" అన్నారాయన. ఆ శ్రద్ధకు ముచ్చటపడి డ్రైనేజీని మరో గంట లాగారు.

గంగక్క నా పక్కకు వచ్చింది. "సేటూ, అన్నం సల్లారిపోతంది. ఆయన్ని దించరాదూ."

"స్టేజీ నాది గంగక్కా, మనిషి నాది కాదు."

ఎట్టకేలకు భోజనాలు పెట్టారు. డేటా కావాలని హరిప్రసాద్‌గారు పట్టీలు తీయనివ్వలేదు. గుడ్డు కడుపులో పడేసరికి పచ్చ లైట్లు ఒక్కటొక్కటే ఎర్రబడ్డాయి. కొందరు గోడకు ఆనుకుని నిద్రపోయారు.

వారం తర్వాత ఆయన గ్రాఫు తెచ్చి బడిలో గోడకు అంటించారు. "భోజనానికి ముందు ఏకాగ్రత శిఖరం మీద ఉంది. గుడ్డు తినగానే పడిపోయింది. గుడ్డే సమస్య."

నాగలత టీచరు లేచింది. "కడుపు నిండింది గద సార్, అందుకు పండుకున్నరు. వారానికి మూడు దినాలే గుడ్డు. ఇంటికాడ అది గూడ దొరకదు. బంద్ చేయకుండ్రి."

"మీది అభిప్రాయం మేడం. ఇది సైన్సు."

గుడ్లు ఆగిపోయాయి. ఆ నిధులతో మరిన్ని కళ్లపెట్టెలు వచ్చాయి. వాటి ప్రారంభోత్సవానికి షామియానా వేశాను కాబట్టి నేను సైన్సును తప్పుపట్టలేదు.

గోరి మాత్రం బడికి పోతూ రోజూ దుకాణం ముందు ఆగేది.

"తాతా, మల్ల గుడ్లెప్పుడొస్తయ్?"

"ధ్యాస పెట్టి సదువుకో, వస్తయ్."

బేరం కుదరనప్పుడు నేను అందరికీ చెప్పే 'రేపు రా' లాంటిదే ఆ జవాబు.

గుడ్లు ఆగాక ఒక్క పచ్చ లైటూ వెలగలేదు. ఇంతలో మంత్రిగారు ఢిల్లీ బృందాన్ని వెంటబెట్టుకు వస్తున్నారని కబురు. హరిప్రసాద్‌గారు దుకాణానికి వచ్చి సోడా అడిగారు. ఒక్క గుక్కలో తాగేశారు.

"సేటూ, మొదటి రోజు అన్నీ పచ్చగా వెలిగాయి. ఇప్పుడు తేడా ఏంటి?"

అబద్ధం చెబితే నాకు వచ్చేదేమీ లేదు. నిజం చెబితే గుడ్లు వస్తాయి. తూకం తేలిపోయింది.

"గుడ్లు, సార్. గంగక్క మూత తీసినంకనే వెలిగినయ్."

ఆయన నన్ను కావలించుకున్నంత పని చేశారు. "గుడ్డు! రేపటికల్లా పెట్టించేస్తా సేటూ."

పెద్దవాళ్లు తప్పు దిద్దుకోవడం కళ్లారా చూసే అదృష్టం వ్యాపారికి అరుదు. ఆ సంతోషంలో ఎవరూ అడగకుండానే ఇల్లందుకు ఫోను చేసి, సాయంత్రం బస్సులో ట్రేలు వేయించాను.

మర్నాడు ట్రేలు బడి వరండాలో దించాను. గంగక్క పొయ్యి మీద చారు కాగుతోంది. అది తప్ప ఇంకేమీ లేదు.

"గుడ్లు ఎప్పుడు పెడతరు సార్?" అని హరిప్రసాద్‌గారిని అడిగాను.

"పెట్టేశాం సేటూ. రాత్రే అప్‌డేట్ చేయించా" అంటూ ఆయన పిల్లల కళ్లపెట్టెల వైపు చూపించారు.

మంత్రిగారు, ఢిల్లీ బృందం లోపలికి వచ్చారు. బడి నిండా పచ్చ లైట్లు. ఒక్క ఎరుపు లేదు. పిల్లలందరూ కదలకుండా కూర్చున్నారు, నోళ్లు తెరుచుకుని.

ఢిల్లీవారు ఫోటోలు తీసుకున్నారు. మంత్రిగారు గోరి ముందు వంగి, "ఏం కనవడ్తంది బిడ్డా?" అని అడిగారు.

గోరి తల తిప్పలేదు.

"సప్పుడు చేయకుండ్రి సార్. దగ్గరికొస్తంది."