గోరింక గొంతులో రాజాజ్ఞ

ఒక పెద్ద అడవిలో సింహానికి చేయాల్సిన పని ఒక్కటే ఉండేది. ఏటా ఎండాకాలం పక్కడవి పులి వాగు దగ్గరకొచ్చి గర్జిస్తే, వెళ్ళి దానితో తలపడాలి. మిగతా ఏడాదంతా నిద్రే.

గుహ కాపలా అడవిదున్నది. రాజుగారి గొంతు వినబడితే తప్ప అది చీపురు కూడా లోపలికి రానివ్వదు. చీపురు కోసం రోజూ నిద్ర లేవలేక సింహం ఒక ఏర్పాటు చేసింది. అచ్చం తనలా గర్జించే గోరింకను గుహలో కూర్చోబెట్టింది. లోపలివాళ్ళు ఏది అడిగినా గోరింక ఆ మాటనే సింహం గొంతుతో పలికేది. దున్న తలవంచేది.

గుహ ఊడ్చే పునుగుపిల్లి పేరు పునుగయ్య. లోపలి గదిలో మాగబెట్టిన ఈతపళ్ళ వాసనకి అతనికి ఒళ్ళు జివ్వుమనేది. కానీ అవి రాజుగారివి.

ఒకనాడు సభ జరుగుతుంటే పునుగయ్య మూల ఊడుస్తున్నాడు. ఏదుపంది లేచింది.

"అయ్యా, గోరింకతో ఎవరు ఏం పలికించినా రాజాజ్ఞ అయిపోతోంది. ఊడ్చేవాడు సింహాసనం అడిగినా ఇచ్చేస్తుంది. సరైన ఉపాయం దొరికేదాకా దాన్ని దాని సొంత గొంతుతోనే మాట్లాడమనండి."

"అప్పుడు నా చీపురెవరు తెస్తారు?" అన్నాడు పునుగయ్య, అమాయకంగా.

"అదీ నిజమే," అంది సభాపతి ఏనుగు. "అయినా లోపలున్నది మనవాళ్ళేగా! భయమంతా బయటివాళ్ళతోనే. చుట్టూ ఇంకో ముళ్ళకంచె వేయిద్దాం."

అందరూ తొండాలు, తోకలు ఎత్తి ఒప్పుకున్నారు. పునుగయ్య మీసం దువ్వుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈ సంగతి తనకి తట్టనే లేదు!

సభ ముగియగానే గోరింక దగ్గరకెళ్ళాడు. "పునుగయ్యకి రెండు ఈతపళ్ళు ఇవ్వాలి, అనవే."

గోరింక గర్జించింది. పళ్ళొచ్చాయి. మర్నాడు బుట్టెడు వచ్చాయి. మూడోనాటికి అడగడం కూడా నామోషీ అనిపించింది.

"ఇకనుంచి పునుగయ్యే రాజు, సింహమే ఊడవాలి. అను!"

గుహ దద్దరిల్లింది. దున్న పరుగున వచ్చి సింహాన్ని లేపింది. సింహం ఒక కన్ను తెరిచింది. "ఆజ్ఞ నా గొంతులోనే వచ్చిందా?"

"తమరి గొంతులోనే ప్రభూ."

"అయితే నేనే ఇచ్చుంటాను," అంటూ లేచి చీపురందుకుంది.

గద్దెక్కిన పునుగయ్యకి మొదటి పండు గొంతు దిగకముందే గుబులు పట్టుకుంది. తను చేసిన పని రేపు ఇంకెవరైనా చేస్తే? వెంటనే ఏదుపందిని పిలిపించాడు.

"నువ్వు చెప్పిందే సబబు. గోరింక ఇకమీదట సొంత గొంతుతోనే మాట్లాడాలి."

"ఎంత ముందుచూపు ప్రభూ!" అని ఏదుపంది ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంది. ఇన్నేళ్ళలో దాని మాట విన్న రాజు ఇతనొక్కడే.

వారం తిరక్కుండానే వాగు అవతల గర్జన వినిపించింది.

"ప్రభూ, పులి వచ్చింది. తమరి కోసమే చూస్తోంది," అంది దున్న.

పునుగయ్య చేతిలో పండు జారిపోయింది. గోరింక దగ్గరకి ఒక్క గంతేశాడు. "అమ్మా, ఒక్కసారి పాత గొంతులో అనవే, సింహమే రాజని!"

"కుదరదు ప్రభూ," అంది గోరింక సన్నగా. "తమరి ఆజ్ఞే."

"దున్నా, నేను రాజును కానురా!"

దున్న ఆలోచనలో పడింది. "ఈ మాట రాజుగా అంటున్నారా, ఊడ్చేవాడిగా అంటున్నారా?"

"ఊడ్చేవాడిగానే!"

"ఊడ్చేవాడి మాట నేను వినకూడదు ప్రభూ."

"సరే, రాజుగానే అంటున్నా!"

"మరి రాజే అయితే, దయచేయండి. ఆలస్యమవుతోంది."

పునుగయ్య సింహం కాళ్ళ మీద పడ్డాడు. "తమరైనా చెప్పండి మహారాజా!"

"నాదేముందయ్యా, చీపురు పట్టేవాణ్ణి. నా మాట దున్న వింటుందా?" అంది సింహం. ఇన్నేళ్ళలో పులి గర్జిస్తున్నా దాని గుండె దడదడలాడకపోవడం ఇదే మొదటిసారి.

మేళతాళాలతో పునుగయ్యని సాగనంపారు. ముందు దున్న, వెనక ఏనుగు, మధ్యలో తోక ముడిచిన రాజుగారు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి సింహం కేకేసింది:

"ప్రభూ, తిరిగొస్తే కాళ్ళు దులుపుకుని రండి. ఇప్పుడే ఊడ్చాను!"

నీతి: కన్నం వేసి లోపలికి దూరినవాడు, తను బయటపడ్డాకే ఆ కన్నం పూడ్చుకోవాలి.