రిమోట్ ఇంట్లోనే ఉంది

“పొద్దస్తమానం ఆన్‌లో ఉంటే ఆ పెట్టె పేలిపోదటే?” అంది తల్లి, ఇంకా ఏమీ కాకముందే.

“పేలదమ్మా,” అంది కూతురు చెప్పులు వేసుకుంటూ.

కూతురికి కంప్యూటర్లంటే ప్రాణం. విడిభాగాలు ఒక్కొక్కటే కొనుక్కొచ్చి, హాల్లో కిటికీ పక్కన సొంతంగా బిగించుకున్న యంత్రం అది. దాని మీదే లైబ్రరీల కోసం ఒక ప్రోగ్రాం రాసింది. ఏ పుస్తకం ఎవరింటికి వెళ్లిందో, ఎవరు ఎగ్గొట్టి కూర్చున్నారో అది ఇట్టే చెప్పేస్తుంది. ఆ ఉదయం దాన్ని లైబ్రరీ కమిటీ ముందు నడిపి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. లేదంటే మళ్లీ ఇంట్లో కూర్చుని స్క్రూలు బిగించుకోవడమే.

“యంత్రం ఇక్కడ పెట్టి అక్కడేం చూపిస్తావే?”

“రిమోట్‌తో నడుపుతానమ్మా. నువ్వు మాత్రం దాని జోలికెళ్లకు.”

ఆన్‌లైన్ మోసాల గురించి కూతురు ఎంతోకాలంగా తల్లికి పాఠాలు చెబుతోంది. తెలియని లింకు నొక్కకు. ఓటీపీ ఎవరికీ చెప్పకు. నా గొంతుతో ఫోనొచ్చినా నమ్మకు, ఇప్పుడు గొంతులు కూడా కాపీ కొడుతున్నారు. మన రహస్య పదం అడుగు. ఆ పదం మాత్రం ఎక్కడా రాసిపెట్టుకోకు. తల్లిది వానాకాలం చదువే అయినా, చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. ఎక్కడా రాసిపెట్టుకోలేదు. అందుకే మర్చిపోయింది.

కూతురు వెళ్లాక హాలు ఊడుస్తుంటే సోఫా దిండు కింద రిమోట్ దొరికింది. తల్లి చీపురుతోనే భర్త వైపు తిరిగింది.

“ఏమండీ, కొంప మునిగింది. పిల్ల రిమోట్ మర్చిపోయి వెళ్లింది.”

ఆ మూల కుట్టుమిషన్ తొక్కుతున్న భర్త తల ఎత్తకుండానే, “అది టీవీదేమోనే,” అన్నాడు.

“ఈ ఇంట్లో ఉన్నదే ఒక్క రిమోట్. టీవీకైనా ఆ పెట్టెకైనా ఇదేగా!”

“అక్కడ వాళ్లే ఇంకోటి ఇస్తార్లే.”

“ఎవరి తాళమో మన తలుపుకి పడుతుందా?”

ఆయన ఏదో అన్నాడు గానీ మిషన్ చప్పుడులో కలిసిపోయింది.

అప్పుడే కంప్యూటర్ తెర వెలిగింది. మౌస్ బల్ల మీద కుదురుగానే ఉంది. తెర మీది బాణం మాత్రం దానంతటదే పాకుతోంది. తల్లి చేతిలో చీపురు జారింది. పిల్ల దగ్గర రిమోట్ లేదు. రిమోట్ తన చేతిలో ఉంది. మరి తిప్పుతున్నదెవరు? దొంగే.

పరుగున వెళ్లి మౌస్ పట్టుకుని, దూడను లాగినట్టు బాణాన్ని మూలకి లాగింది. దొంగ వెనక్కి లాగాడు. దొంగ ప్రోగ్రాం తెరిచాడు, తల్లి మూసింది. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూసింది. ఇంతలో ఫోన్ మోగింది. దాని మీద కూతురి పేరు.

“అమ్మా, మౌస్ వదిలెయ్. ఇక్కడ పరువు పోతోంది.”

“రహస్య పదం చెప్పు.”

“గుమ్మడికాయ.”

తల్లికి ఆ పదం అవునో కాదో గుర్తు రాలేదు. గుమ్మడికాయ అనగానే దొంగే గుర్తొచ్చాడు. ఫోన్ కట్ చేసి, ఏకంగా స్విచాఫ్ చేసి పడేసింది.

ఈసారి తెర మీద తెల్ల కాగితం లాంటిది తెరుచుకుంది. అందులో అక్షరాలు వాటంతటవే పడ్డాయి: “అమ్మా, నిజంగా నేనే. గోడంత తెర మీద కమిటీ మొత్తం మనల్నే చూస్తోంది.”

తల్లి ఎడంచేత్తో ప్లగ్గు పట్టుకుని, కుడిచేతి చూపుడువేలితో, మెసేజీల్లో అలవాటైనట్టు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది: “పీకేస్తా.”

“పీకితే నా ఉద్యోగం పోయినట్టేనమ్మా.”

తల్లి ప్లగ్గు పీకబోయి ఆగింది. నిజంగా పిల్లే అయితే? చేజేతులా దాని నోటి దగ్గర ముద్ద లాగేసినట్టవుతుంది. పిల్ల కాకపోతే ఇల్లు గుల్ల. ఏదైనా అడిగి తేల్చుకోవాలి. పుట్టినరోజులు, ఇంటి నంబర్లు దొంగలకి కంఠతా ఉంటాయట. ఏ కంప్యూటర్‌లోనూ లేనిది అడగాలి. బాగా ఆలోచించి కొట్టింది: “నా కూతురివైతే చెప్పు. నాకు ఇష్టమైన కూరేంటి?”

అక్షరాలు ఆగిపోయాయి. బాణం కూడా ఆగిపోయింది. మిషన్ చప్పుడు లేకపోయేసరికి తల్లి వెనక్కి చూస్తే, భర్త వచ్చి నిలబడి ఉన్నాడు. తెర మీద చిన్న గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది, అంతే. ఒక అక్షరం పడింది, చెరిగింది. ఇంకోటి పడింది, అదీ చెరిగింది. ఆఖరికి మెల్లగా వచ్చింది.

“తెలీదమ్మా. ఎప్పుడూ అడగలేదు.”

తల్లి ప్లగ్గు వదిలేసి కుర్చీలో కూలబడింది. “మన పిల్లేనండి.”

“ఎలా తెలిసింది?”

“దొంగైతే ఏదో ఒకటి చెప్పేవాడు.”

బాణం ఇంక ఎవరూ లాగకపోవడంతో నింపాదిగా వెళ్లి ప్రోగ్రాం తెరిచింది. పుస్తకాల పేర్లు బారులు తీరాయి. కాసేపటికి ఆ తెల్ల కాగితం మీద మళ్లీ అక్షరాలు పడ్డాయి: “నచ్చిందమ్మా. సోమవారం నుంచి రమ్మన్నారు. కమిటీలో ఇద్దరు మాత్రం వాళ్లమ్మలకి ఫోన్ చెయ్యాలని బయటికెళ్లారు.”

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. “అవునూ, నాకిష్టమైన కూరేంటో మీకు తెలుసా?”

ఆయన వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాడు. సూదిలోకి దారం ఎక్కించాడు, తీశాడు, మళ్లీ ఎక్కించాడు. కత్తెర ఎక్కడుందో వెతికాడు. అది చేతిలోనే ఉంది. తల్లి చూపు తిప్పలేదు. ఇక తప్పదని ఆయన నోరు విప్పాడు.

“నాకేది ఇష్టమో అదేగా నీకూనూ.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తల్లి పట్టేసింది.