ఉక్కు శాఖ, అల్యూమినియం శాఖ, మధ్యలో మార్నీ సీటు

మనుషుల్లో ఉక్కు ఫ్రేమువాళ్లు, అల్యూమినియం ఫ్రేమువాళ్లు అని రెండే జాతులున్నాయనీ, మిగతా తేడాలన్నీ ఉత్త పుకార్లనీ మా ఫెయిర్‌ఫాక్స్ పాతకాలపు మౌంటెన్ బైకుల సంఘం ఏనాడో తీర్మానించింది. కాబట్టి కొండ పరుగున్న ఆ ఆదివారం పొద్దున మా సభ్యురాలు మార్నీ సైకిలు సీటు మీద ఇద్దరు బలాఢ్యులు వేలాడుతున్నా అది అంగుళం దిగకపోయేసరికి, ముందు తేల్చాల్సింది అది ఏ జాతి సమస్య అన్నది.

ఫ్రేము పాత ఉక్కు. అందులో దిగిన సీటు కడ్డీ అల్యూమినియం. రెండూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకున్నాయి. సీటు దిగకపోతే కొండ దిగువకు పరుగు లేదు. సీటు అంత ఎత్తున పెట్టుకుని ఆ వాలు దిగితే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరిపడటం ఖాయం. కొండ దిగలేని బండిని సంఘం స్వాధీనం చేసుకుని హాలు గోడకు శాశ్వతంగా వేలాడదీస్తుంది. (గోడ నిండిపోయింది. ఈమధ్యే రెండో గోడ కట్టాం. ఎందుకిన్ని బళ్లు ఇరుక్కుంటున్నాయని ఎవరూ అడగలేదు, అది ఏ శాఖ కిందా రాదు గనక.)

"ఫ్రేముకేం రోగం లేదు," అన్నాడు ఉక్కు శాఖాధ్యక్షుడు హార్లన్. "ఇరుక్కున్నది కడ్డీ. అది డెల్ వాళ్ల సరుకు."

"మావాడు లోపలికి వెళ్లాడంతేనయ్యా," అన్నాడు అల్యూమినియం శాఖాధ్యక్షుడు డెల్. "బయటికి రానివ్వనిది మీవాడు."

"మీవాడు ఉబ్బాడు!"

"మీవాడు తుప్పు పట్టాడు!"

(ఇద్దరూ ఒకేసారి నిజం చెప్పడం సంఘ చరిత్రలో అదే మొదలు.)

"మీ వాళ్లెవరో తర్వాత తేల్చుకుందురు గాని, ఆ సుత్తి ఇటివ్వండి బాబూ," అంది మార్నీ. "మూడు చలికాలాలు గరాజులో గడ్డకట్టుకుపోతూ కట్టుకున్న బండి ఇది. గోడకెక్కించడానికి కాదు."

సుత్తి ఉక్కుది. అల్యూమినియాన్ని కొట్టాలంటే డెల్ అనుమతి కావాలి. డెల్ ఇవ్వనన్నాడు. వెంటనే సరిహద్దు ఉపసంఘం ఏర్పడింది. దానికి టైటానియం సైకిలున్న రెనిక్‌ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. ఆయన బండి ఖరీదు చూసి రెండు శాఖలూ సమానంగా మండిపడతాయి గనక ఆయన నిష్పక్షపాతి.

"దోషి బండే గోడకెక్కాలి, మార్నీది కాదు," అని హార్లన్ ప్రతిపాదించాడు, డెల్ వైపు చూస్తూ. డెల్ కూడా హార్లన్ వైపే చూస్తూ బలపరిచాడు. ఏకగ్రీవం.

రెనిక్ ఒకే ప్రశ్న వేశాడు. "కడ్డీకి గ్రీజు పూశావా, తల్లీ?"

"లేదు."

రెండు లోహాల మధ్య గ్రీజు లేకుండా బిగించడమంటే, చేతులారా అతికించడమే.

"ఎందుకు పూయలేదు?"

"పూస్తే మార్కులు పోతాయిగా! మన సంఘం అందమైన బళ్ల పోటీలో జడ్జీలు కడ్డీ చుట్టూ తెల్ల రుమాలు తిప్పుతారు. మరక పడితే బండి తిరస్కారం. ఇక్కడ ఎవరు పూస్తున్నారో చెప్పమనండి."

చాలామంది తమ సీట్లను మెల్లగా తిప్పి చూసుకున్నారు. కొందరివి తిరగలేదు.

మార్నీ ఉపసంఘం బల్ల మీది మైకు తీసుకుంది. గొంతులో తేనె పోసుకుంది. "ఇంత శుభ్రమైన నియమం ఏ మహానుభావుడికి తట్టిందో! చరిత్రలో నిలిచిపోవాలి. కాస్త గట్టిగా చెబుతారా?"

హార్లన్ టై సర్దుకుని, ఆమె చేతిలోంచి మైకు అందుకుని, చప్పట్లకు చోటు వదులుతూ ఒక్కో మాటా ఒత్తి పలికాడు.

"నాకే. హార్లన్ పీబాడీకి."