పట్టాభిరామయ్య గుమ్మం ఆగ్నేయానికి తిరిగిన ఆదివారం

ఆ ఆదివారం తేజస్విని వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ డాబా మీద గాలి కొలిచే యంత్రం బిగించి, భోజనం వేళకు మాదాపూర్‌లో స్నేహితురాలి ఇంటికి చేరాలి. కామన్ లైట్ల కోసం చిన్న గాలిమర పెట్టించాలని అక్కడి అసోసియేషన్ వాళ్ల ఆలోచన. ముందు గాలి ఎటునుంచి, ఎంత వేగంతో వీస్తుందో తెలియాలి కదా.

మెయింటెనెన్స్ చూసే మొగిలి, యంత్రం బిగించే గొట్టాన్ని పట్టుకున్నాడు. తేజస్విని రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకు వచ్చేదాకా మరలు సవరించింది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, యంత్రం మీదున్న ఉత్తరం గుర్తును అది చూపిన వైపు తిప్పి బిగించేసింది. ఇలాంటివి ఆమె కళ్లు మూసుకుని చేయగలదు.

అప్పుడే అసోసియేషన్ అధ్యక్షుడు పట్టాభిరామయ్య కాఫీ కప్పుతో పైకొచ్చాడు.

"ఉత్తరం అటా అమ్మా? అయితే మా గుమ్మం తూర్పుకి లేదన్నమాట."

"లేదండి, ఆగ్నేయానికి ఉంది. మీకు తూర్పని ఎవరు చెప్పారో గానీ," అంది తేజస్విని ధీమాగా.

ఆయన కాఫీ తాగకుండానే దిగిపోయాడు.

కాసేపట్లో వాట్సాప్ గ్రూపులో తూర్పు గుమ్మాల వరసంతా ఆగ్నేయమైపోయింది. ఒకరు మంచం తిప్పబోయి తలుపులో ఇరికించారు. ఇంకొకరి బీరువా లిఫ్టెక్కి మరి దిగనంది. బిల్డర్ ఫోన్ స్విచాఫ్‌లో ఉండటంతో అనుమానం కాస్తా రుజువైపోయింది.

"మేడమ్, కింద అందరు పరేషాన్ ఉన్నరు. జర వచ్చి చెప్పున్రి," అన్నాడు మొగిలి.

ఇంకోసారి చూపిస్తే సరిపోతుందని తేజస్విని ఫోన్ తీసింది. కవరు మూత అడ్డొస్తోందని ఫోన్‌కున్న కవరు ఊడదీసింది. దిక్సూచి ముల్లు గిర్రున తిరిగి, గుమ్మాలన్నింటినీ మళ్లీ తూర్పుకి తెచ్చి నిలబెట్టింది. కవరు మూతలో అయస్కాంతం ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఒప్పేసుకోవడమే మంచిదని మెట్లు దిగింది.

పట్టాభిరామయ్య ఎదురింటి పుణ్యవతి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పార్కింగ్ గొడవతో ఏళ్ల తరబడి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

"తప్పంతా ఆ గుమ్మానిదేనండి. లేకపోతే ఆడపడుచులాంటి మిమ్మల్ని అన్నేసి మాటలంటానా? రేపట్నించి ఆ చోట్లో మీ కారే పెట్టుకోండి," అంటున్నాడు. పుణ్యవతి కళ్లు తుడుచుకుంటోంది.

"సార్, పొరపాటు నాది. మీ గుమ్మం తూర్పుకే ఉంది," అంది తేజస్విని.

ఆయన ఇటు తిరిగాడు. వెనకనుంచి పుణ్యవతి వద్దు వద్దని చెయ్యి ఊపింది.

"అంటే ఆ గొడవలన్నీ నా వల్లే జరిగాయంటావా అమ్మా?"

తేజస్విని పుణ్యవతి వైపు ఒకసారి చూసి పైకెళ్లి, యంత్రాన్ని అసలైన ఉత్తరానికి తిప్పి బిగించింది. పట్టాభిరామయ్యను మాత్రం ఆగ్నేయంలోనే ఉండనిచ్చింది.