గాలి ట్యాంకులో గంగమ్మ

ఓబులేసు గారి బస్సులో గంగమ్మ ఉంది. ముందువైపు ఎన్ని బిందెల నీళ్ళు పోసినా తాగేస్తుంది. తాగినదాన్ని అడుగు భాగం నుంచి భక్తులకు తీర్థంగా ఇస్తుంది. 1998 వేసవిలో మదనపల్లె టమేటా మండీ మొదలు కుప్పం రైలు స్టేషను వరకూ ఈ సంగతి తెలియనివారు లేరు. ఎవరైనా తెలియదన్నారంటే, వారు ఆ వేసవిలో ఇక్కడ లేరన్నమాట.

కనుక పాఠక మహాశయులకు ముందే మనవి. కారుతున్నదాన్ని బాగుచేయడం సంఘద్రోహం! ఇంటి కప్పు కారితే ఇరుగుపొరుగులు వచ్చి పలకరిస్తారు. వీధి కుళాయి కారితే కాకులు దాహం తీర్చుకుంటాయి. ప్రశ్నపత్రం లీకైతే ఎన్నేళ్ళుగానో తప్పుతున్న కుర్రవాళ్ళు గట్టెక్కుతారు. లీకు వల్ల లోకానికి ఇంత మేలు జరుగుతుంటే, రెంచి పట్టుకుని దాని కారణం వెతికే మనిషిని ఏమనాలి?

పుంగనూరులో అలాంటివాడు ఒకడున్నాడు. పేరు జిలాన్. బస్టాండు వెనక రేకుల షెడ్డులో పాతికేళ్ళుగా లారీలకు వైద్యం చేస్తున్నాడు. నమాజు తప్పడు, మాట తప్పడు. ఉన్న దురలవాటు ఒక్కటే: ఎక్కడైనా నీళ్ళు కనిపిస్తే, అవి ఎక్కడినుంచి వచ్చాయని అడుగుతాడు.

ఇక బస్సు సంగతి. మదనపల్లె మండీ వ్యాపారి ఓబులేసు బెంగుళూరులో ఒక పాత టూరిస్టు బస్సు కొని, సీట్లు పీకించి, నాలుగు మంచాలు, గ్యాస్ పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, దేవుడి గూడు పెట్టించాడు. తీర్థయాత్రలకు సత్రాలు వెతుక్కునే బాధ లేకుండా ఇంటినే వెంట తీసుకుపోవాలని ఆయన సంకల్పం. నాలుగు మంచాలున్న ఆ ఇంట్లో ప్రయాణానికి ఇరవైరెండు మంది బంధువులు ఎక్కేవారు. మన ప్రాంతంలో ఇల్లు అంటే అర్థం అదే కదా!

ఆ బస్సుకు గాలి బ్రేకులు. ఇంజన్ పక్కన ఉండే కంప్రెసర్ గాలిని నొక్కి నొక్కి అడుగునున్న ట్యాంకులో నింపుతుంది. డ్రైవరు పెడల్ తొక్కినప్పుడు ఆ గాలే చక్రాలను పట్టి ఆపుతుంది. ట్యాంకులో చేరిన చెమ్మ పోవడానికి డ్రైవరు రోజూ అడుగునున్న రింగు లాగాలి. నాలుగు చుక్కలు పడతాయి. పుంగనూరులో ఓబులేసు అత్తవారింటి ముందు ఒక ఉదయం డ్రైవరు మునికృష్ణ రింగు లాగితే చెంబెడు పడ్డాయి. అదే ఉదయం రేడియేటర్ మూత తీస్తే లోపల సగానికి పైగా నీళ్ళు తగ్గిపోయి ఉన్నాయి. నేలమీద మాత్రం చుక్క తడి లేదు.

అక్కడే నిలబడి ఉన్న ఓబులేసు తల్లి మునెమ్మ రెండు సంగతులనూ ఒక్క క్షణంలో ముడివేసింది. ముందు తాగుతున్నది, అడుగున ఇస్తున్నది ఒక్కరే: గంగమ్మ. శాస్త్రీయంగా చూస్తే ఆమె పరిశీలనలో ఏ దోషమూ లేదు. సగం రోగనిర్ణయం ఆ క్షణానే పూర్తయింది. మిగిలిన సగానికి ఆమె పేరు మాత్రమే మార్చింది.

మధ్యాహ్నానికి బస్సు ముందు వేపాకు తోరణం వేలాడింది. సాయంత్రానికి కర్పూరం. మూడో రోజుకు క్యూ. ఆ తీర్థం ఇంజనాయిల్ వాసన కొట్టడం వల్ల ఎవరూ నోట పోసుకోలేదు, నెత్తిన చల్లుకున్నారు. భక్తికి ఆ కాలంలో తగిలిన మచ్చ ఏదైనా ఉంటే అది ఇదొక్కటే.

ఈ సంబరంలో పాలుపంచుకోని మనిషి మునికృష్ణ. పదిరోజుల్లో కుప్పంలో ఓబులేసు మేనకోడలి పెళ్ళి. ఇరవైరెండు మందిని ఆ బస్సులో, ఆ ఎగుడుదిగుడు దోవలో తీసుకుపోవలసినవాడు అతను. జిలాన్ షెడ్డుకు వచ్చి టీ కూడా తాగకుండా కూర్చున్నాడు.

"జిలానన్నా, పెడలు తొక్కితే బండి ఆలోసన చేస్తాండాది," అన్నాడు. "నిలబడాల్నా వద్దా అని."

జిలాన్ వెళ్ళి చూశాడు. రేడియేటర్ గొట్టాలు తడిమాడు, పొడిగా ఉన్నాయి. ఇంజనాయిల్ తీసి చూశాడు, నీళ్ళు కలిసి తెల్లబడలేదు. పొగ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాడు, ఆవిరి లేదు. చివరికి కంప్రెసర్ ముందు కూర్చున్నాడు. గాలిని నొక్కే పనిలో అది కాలిపోతుంటుంది కనుక, చల్లబరచడానికి రేడియేటర్ నీళ్ళను సన్నని గొట్టంతో దాని తలలోకి పంపుతారు. లోపల నీటి దారి ఒకటి, గాలి దారి ఒకటి. రెండింటికీ మధ్య గాస్కెట్ అనే పలుచని అడ్డు పొర. అది చెడితే నీళ్ళు గాలితోబాటు ట్యాంకుకు పోతాయి. బ్రేకు వాల్వులు తుప్పు పడతాయి. ఒకనాడు పెడల్ తొక్కితే బండి ఆలోచన కూడా చేయదు.

జిలాన్ ఓబులేసును పక్కకు పిలిచి, గాలి ఉండాల్సిన చోట నీళ్ళున్నాయని, ఒక పూట సమయమిస్తే విప్పి చూస్తానని అన్నాడు.

ఓబులేసు కోప్పడలేదు. రాబోయే వార్డు ఎన్నికల్లో నిలబడదామనుకుంటున్న మనిషికి, బస్సు ముందు క్యూ అంత త్వరగా కోపం రానివ్వదు. జిలాన్ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు.

"నువ్వు ఇప్పినాక అమ్మ ఎల్లిపోతే, రేపు జనం ఎవుర్ని అడుగుతారప్పా? నన్నా, నిన్నా?"

జిలాన్ ఆ ప్రశ్నను ఇంటికి మోసుకుపోయాడు. గంగమ్మను రెంచితో ఊడదీసినవాడని సంతలో ఒక్కరు అంటే చాలు, షెడ్డుకు తాళం వేసుకోవలసిందే. విప్పకపోతే ఇరవైరెండు మంది.

విప్పకుండానే రుజువు చేయాలనుకున్నాడు. మర్నాడు నీళ్ళు పోసే నెపంతో రేడియేటర్లో బట్టలకు పెట్టే నీలిమందు కలిపాడు. పసుపు నీళ్ళు పడితే అదీ మహిమే అంటారు కనుక, పసుపు కలపకపోవడం అతని ముందుచూపు. రేడియేటర్లో పోసిన రంగే ట్యాంకులో వస్తే, అది ఏ నీరో పసిపిల్లవాడికైనా తెలుస్తుంది కదా?

మరునాటి ఉదయం ట్యాంకు నుంచి నీలిరంగు నీళ్ళు పడ్డాయి. పరీక్ష నూటికి నూరుపాళ్ళు నెగ్గింది. పుంగనూరు దాన్ని ఎలా చదివిందంటారా? గంగమ్మ తిరుపతి కొండమీది స్వామికి చెల్లెలు. జాతర దగ్గరపడింది కనుక, నీలమేఘశ్యాముడైన అన్నగారు స్వయంగా సారె తెచ్చారు! ఆ రోజు క్యూ బస్టాండు దాటింది. జిలాన్ తన షెడ్డులోకి పోవడానికి ఆ క్యూలోనే నిలబడవలసి వచ్చింది.

ప్రయోగశాలల్లో తలలు నెరిసిన వారికి కూడా ఇంత తిరుగులేని ఫలితం దొరకదు. ఏ రుజువు తెచ్చినా తనలో కలుపుకుని లావెక్కేదే అసలైన సిద్ధాంతం కదా!

పెళ్ళికి మూడు రోజులుందనగా పుంగనూరు జాతరకు చాటింపు వేశారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివారు పొలిమేర దాటి రాత్రి గడపరాదు. మదనపల్లె నుంచి వచ్చిన ఓబులేసు బలగానికి ఆ కట్టు లేదు. జిలాన్ ఆ డప్పు మోత వింటూ చాలాసేపు బీడీ కాల్చాడు. తర్వాత ఓబులేసు దగ్గరికి కాక, బస్సు మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మునెమ్మ దగ్గరికి పోయాడు.

"అమ్మా, సాటింపు పడె గదా. గంగమ్మ పొలిమేర దాటొచ్చునా?"

"యాల దాటుతాది?" అంది మునెమ్మ. "జనానికే ల్యాకపోతే అమ్మకు ఉంటాదా? జాతర అయ్యేదంకా ఈడనే."

"అట్లయితే కుప్పానికి పోయే బండిలో తీర్థం రాకూడదు గదా?"

"రాకూడదు."

"వస్తేనో?"

మునెమ్మ చేతిలోని చిక్కుడుకాయ తెగకుండా ఆగింది. వస్తే గంగమ్మ తన చాటింపును తానే మీరినట్టు. కుప్పంలో వియ్యాలవారు, వాళ్ళ ఊరి జనం, అందరి ముందూ.

"రాకుండా సూడు నాయనా," అంది.

"సూస్తానమ్మా," అన్నాడు జిలాన్.

తల్లి మాట కొడుకు కాదనలేకపోయాడు. కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, గంగమ్మను బస్సు నుంచి గుడికి సాగనంపారు. ఆ వెంటనే జిలాన్ కంప్రెసర్ తల విప్పాడు. పాత గాస్కెట్ తీసి, దీపం ముందు పట్టి చూసి, జేబులో పెట్టుకున్నాడు. చిత్తూరు నుంచి తెప్పించిన కొత్తది వేసి బిగించాడు. ట్యాంకు ఆరబెట్టి, బ్రేకు వాల్వులు కడిగాడు. చీకటిపడేలోగా తిరిగి ఊరు చేరుస్తామని చెప్పి, ఎందుకైనా మంచిదని అతన్ని కూడా కుప్పం రమ్మన్నారు. డ్రైవరు పక్కన ఇంజన్ బానెట్ మీద, కాళ్ళ దగ్గర రెంచీల సంచితో కూర్చున్నాడు.

కుప్పం ఇంకా రెండు మైళ్ళుందనగా దిగుడు. దిగుడు చివర రైలు గేటు. మలుపు తిరిగేసరికి ఆ గేటు దించి ఉంది, ముందు ఎండుగడ్డి ఎత్తిన ఎద్దుల బండి. మునికృష్ణ పెడల్ తొక్కాడు. జిలాన్ ట్యాంకులో గాలి ఎంతుందో చూపే ముల్లు మీదినుంచి చూపు తిప్పలేదు. వెనక వంటపాత్రలన్నీ ఒక్కసారి ముందుకు దొర్లాయి. బస్సు ఎండుగడ్డికి జానెడు దూరంలో నిలిచింది.

కాసేపటికి ఓబులేసు చేతులెత్తి మొక్కాడు.

"అమ్మ ఆపింది."

"అమ్మ యాడుందిరా ఈడ?" అని మంచం మీదినుంచి మునెమ్మ గద్దించింది. "పుంగనూర్లో దిగబెట్టి వస్తిమి గదా?"

ఓబులేసు ఎత్తిన చేతులు దించాడు. ఇరవైరెండు మంది కలిసి ఒక ప్రశ్న దాకా వచ్చిన సందర్భం ఆ వేసవి మొత్తంలో ఇదొక్కటే. ఎవరో ఒకరు మరొక్క అడుగు వేసి ఉంటే బాగుండేది. ఇంతలో రైలు వచ్చింది. పిల్లలు పెట్టెలు లెక్కపెట్టారు. గేటు లేచింది. ప్రశ్న అక్కడే దిగిపోయింది.

కుప్పంలో పెళ్ళివారందరి ముందూ జిలాన్ ట్యాంకు రింగు లాగాడు. పొడిగాలి బుస్సుమంది. చుక్క నీరు లేదు.

"సూస్తిరా," అంది మునెమ్మ సంతృప్తిగా. "అమ్మ మాట తప్పలా."

జాతర ముగిసింది. వానలు వచ్చి పోయాయి. తీర్థం మళ్ళీ రాలేదు. తనను దింపి కుప్పం పోవడం అమ్మకు నచ్చలేదని కొందరు, ఓబులేసు ఎన్నికల్లో నిలబడడం నచ్చలేదని ఆయన ప్రత్యర్థులు అన్నారు. జిలాన్‌ను ఎవరూ నిందించలేదు, అది అతని అదృష్టం. తీర్థం ఎందుకు ఆగిందని అతన్ని ఎవరూ అడగనూ లేదు.

నా ఫిర్యాదు గంగమ్మ మీద కాదు, ఆమె చాటింపును ఆమె పాటించింది. జవాబు అంత త్వరగా దొరికించుకుని, ప్రశ్నను జన్మలో మళ్ళీ ముట్టని మన చురుకుదనం మీద. లీకులు బాగుచేయరాదన్న నా సిద్ధాంతానికీ ఒక చిన్న మినహాయింపు చేర్చుకోండి: ఆ బస్సులో మీరు లేనప్పుడు మాత్రమే అది వర్తిస్తుంది.

ఆ పాత గాస్కెట్ ఇప్పటికీ జిలాన్ షెడ్డులో మేకుకు వేలాడుతోంది. నీటి రంధ్రానికీ గాలి రంధ్రానికీ నడుమ అది గోరంత మేర తెగి ఉంది. నీళ్ళు వెళ్ళింది అందులోంచే.